అద్దం మీద ఆకాశం

సెప్టెంబర్ 11, మంగళవారం

మా ఫొటో క్లబ్ ఇవాళ మళ్ళీ మొదలైంది. నాకిది పంతొమ్మిదో ఏడు. కుర్చీలు వేసింది నేనే, కెటిల్ పెట్టింది నేనే, హాజరు పుస్తకం తెచ్చింది నేనే. వేసవిలో తీసినవి పదకొండు పట్టుకెళ్ళాను. అన్నీ హార్బర్‌వే. రోచెస్ పాయింట్ లైట్‌హౌస్ దగ్గర తెల్లవారుజామున రాళ్ళ మీద నిలబడి తీసినదాన్ని అన్నిటికన్నా పైన పెట్టాను. నలభై సెకన్ల ఎక్స్‌పోజర్, అంతసేపూ షట్టర్ తెరిచే ఉంది. నీళ్ళు మీగడలా వచ్చాయి. ఆ రోజు పట్టిన జలుబు మూడు వారాలు వదల్లేదు.

టెరెన్స్ చూశాడు. మా క్లబ్ ప్రెసిడెంట్. ఎనభైకి దగ్గరపడ్డాడు, ఒకప్పుడు కార్క్‌లో పేపర్ ఫొటోగ్రాఫర్. ఒక్కోటీ పక్కకి పెడుతూ, చక్కగా ఉంది డెర్వ్లా, చక్కగా ఉంది అన్నాడు.

అప్పుడు ఒక కొత్తావిడ వచ్చింది. నది అవతల పాసేజ్ ఊరికి కార్లు దాటించే ఫెర్రీ మీద పని చేస్తుందట. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, పసుపు జాకెట్ ఒంటి మీదే ఉంది. పేరు గొబ్నెట్ లిహేన్. మా అమ్మమ్మల కాలం నాటి పేరు. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో, అరవై ఉంటాయి. చేతిలో ఒక బిస్కెట్ల డబ్బా. మూత తీస్తే ఫొటోలు. మందుల షాపులో ప్రింట్ వేయించినవి. కెమెరా చర్చి వాళ్ళ పాత సామాను అమ్మకంలో దొరికిందట, పట్టుకునేచోట నల్ల టేపు చుట్టి ఉంది.

తొమ్మిది తీసి బల్ల మీద పరిచింది. కార్లలో కూర్చున్న మనుషులు. అంతే. ఫెర్రీ దాటడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలూ చేయడానికేమీ లేక మనుషులు ముందుకి చూస్తూ కూర్చుంటారు. ఆ ముఖాలు. ముందు అద్దం మీద మబ్బులు, క్రేన్లు, వాన చారలు, ఒడ్డు మీది ఇళ్ళు. వాటి వెనక ఒక ముఖం. మునుగుతోందో తేలుతోందో తెలియదు.

 టెరెన్స్ కెటిల్ ఆపమని నాకు చేత్తో సైగ చేశాడు. తొమ్మిదీ చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ మొదటిదాని నుంచి చూశాడు. మళ్ళీ కళ్ళజోడు తీశాడు. ఈసారి తుడవలేదు, ఊరికే పట్టుకున్నాడు.

పంతొమ్మిదేళ్ళలో నా ఫొటోలకి ఆయన కళ్ళజోడు తీయలేదు.

సెప్టెంబర్ 12

నేను పనిచేసే డెంటిస్ట్ గారి వెయిటింగ్ రూంలో, నేను తీసిన స్పైక్ ద్వీపం ఫొటో ఎదురుగా కూర్చుని, ఒకాయన అరగంట సేపు గోడగడియారం చూశాడు.

సెప్టెంబర్ 15, శనివారం

ఫెర్రీ ఎక్కాను. మా ఆయన డోనల్‌కి టీపొడి కోసం వెళ్తున్నానని చెప్పాను. టీపొడి కోసం నది దాటేవాళ్ళు ఎవరుంటారు? అతను తల కూడా ఎత్తలేదు, చేతిలో ఎవరిదో బాయిలర్ వాల్వ్ ఉంది.

గొబ్నెట్ కార్లని వరసల్లోకి పిలుస్తోంది. నన్ను చూసి, ఏం పిల్లా, సరదాగా తిరగడానికొచ్చావా అని కేకేసింది. కార్క్‌లో ఎనభై ఏళ్ళ ముసలమ్మని కూడా పిల్లా అనే పిలుస్తారు. కానీ ఆమె అంటే నాకు చురుక్కుమంది.

కారు దిగి నా కెమెరా బయటికి తీశాను. నీలం కారులో ఒకావిడ చూసి హ్యాండ్‌బ్యాగ్ ముఖానికి అడ్డం పెట్టుకుంది. పక్క కారు ఆయన అద్దం దించి, ఏవమ్మా, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చావా అన్నాడు. మూడో కారులో పిల్లలు నాలుక బయటపెట్టారు. ఒక్కటీ రాలేదు.

గొబ్నెట్ వాళ్ళ మధ్య నుంచే నడుస్తోంది. కెమెరా ఛాతీ దగ్గర వేలాడుతోంది. ఆమె దానిలోకి చూడదు. ఆగదు. పసుపు జాకెట్ వేసుకున్న మనిషిని ఎవరూ చూడరు. చెయ్యి ఒకసారి కెమెరా మీదికి పోతుంది, అంతే.

ఇంటికొచ్చాక డోనల్ టీపొడి ఏదని అడిగాడు.

సెప్టెంబర్ 25, మంగళవారం

ఏప్రిల్‌లో కార్క్ నగరంలో హార్బర్ క్లబ్బులన్నిటికీ పోటీ ఉంది. టెరెన్స్ నన్ను పక్కకి పిలిచాడు. ఆమెకి ఎవరూ ఏమీ నేర్పలేదు డెర్వ్లా, నీకు తెలిసినంత మన క్లబ్బులో ఎవరికీ తెలియదు, కాస్త చెయ్యి పట్టుకుని నడిపించు అన్నాడు. ఆపైన, మరీ గట్టిగా పట్టుకోకు అన్నాడు.

గొబ్నెట్ సంబరపడిపోయింది. నాకేం తెలీదు పిల్లా, ఏ బటన్ దేనికో కూడా తెలీదు, నీలాంటిది నేర్పుతానంటే వద్దంటానా అంది. నీలాంటిది అంటే ఏమిటని అడగలేదు.

ఒప్పుకున్నాను.

అక్టోబర్ 6, శనివారం

మొదటి పాఠం. మా వంటింటి బల్ల దగ్గర. బ్రౌన్ బ్రెడ్, టీ. ఫ్రేమ్‌ని అడ్డంగా మూడు, నిలువుగా మూడు భాగాలు చేసుకోవాలని చెప్పాను. ముఖం ఎక్కడుండాలి, ఒడ్డు గీత ఎక్కడుండాలి, వంకరగా ఎందుకుండకూడదు, అన్నీ. కెమెరా ఛాతీ దగ్గర కాదు, కంటికి పెట్టుకోవాలన్నాను. అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది. పక్కనే చిన్న చిన్న బొమ్మలు కూడా వేసుకుంది. పోయేటప్పుడు బిస్కెట్ల డబ్బా నా దగ్గర వదిలేసింది. పోటీకి ఏవి పనికొస్తాయో నువ్వే చూడు, నాకన్నీ ఒకలాగే కనిపిస్తాయి అంది.

మంచి మనిషి. అదే నాకు మింగుడు పడటం లేదు. గయ్యాళి అయి ఉంటే ఎంత హాయిగా ఉండేది.

అక్టోబర్ 7, ఆదివారం

డోనల్ చర్చిలో మాస్‌కి వెళ్ళాక డబ్బా తెరిచాను. నూట నలభై మూడు ఫొటోలు. కిటికీ దగ్గర కూర్చుని చూశాను. బాగాలేనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెడదామని మొదలెట్టాను. అరవై ఫొటోలు దాటినా ఒక్కటీ దొరక్క లెక్క మానేశాను.

సగం దాటాక ఎక్కడో డోనల్ ఉన్నాడు.

మా వ్యాన్. అద్దం మీద అవతలి ఒడ్డు మొత్తం తలకిందులుగా ఉంది, చెట్లు అతని జుట్టులోంచి మొలిచినట్టున్నాయి. వాటి మధ్య నా భర్త నోరు బార్లా తెరిచి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ స్టీరింగ్ మీంచి గాల్లోకి లేపి పాడుతున్నాడు. అంత పెద్దగా నోరు తెరిచి పాడాలంటే గుండె నిండా ఎంత గాలి తీసుకోవాలి! ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ ముఖం నేను చూడలేదు.

అతను వచ్చాక అడిగాను. నువ్వు వ్యాన్‌లో పాడతావా? చెవులు ఎర్రబడ్డాయి. ఎవరు చెప్పారు అన్నాడు. ఇంట్లో ఎందుకు పాడవు అన్నాను. నువ్వెప్పుడూ కంప్యూటర్ ముందు ఫొటోలు దిద్దుకుంటుంటావు కదా, నీకు అడ్డం ఎందుకని అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు. చెప్పులు విప్పినంత మామూలుగా అన్నాడు.

నా హార్బర్ ఫొటోలు నాలుగు వేలున్నాయి. వాటిలో డోనల్ ఒక్కదాంట్లో ఉన్నాడు, రోచెస్ పాయింట్ దగ్గర నాకు గొడుగు పడుతూ, ఫ్రేమ్ అంచున. అక్కడ కూడా దిద్దేటప్పుడు అతన్ని చెరిపేశాను.

అక్టోబర్ 13, శనివారం

రెండో పాఠం. ఇవాళ చేసింది ఉన్నదున్నట్టు రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడా ఉండదు.

అద్దం మీది మెరుపులూ నీడలూ లోపం అని చెప్పాను. ముఖం కనబడాలి కదా, మధ్యలో ఈ మబ్బులూ క్రేన్లూ ఎందుకన్నాను. పుస్తకంలో చూపించాను, పేజీ నంబరుతో సహా. నా పోలరైజర్ తెచ్చిచ్చాను. లెన్స్ ముందు బిగించి తిప్పితే అద్దం మీద పడే నీడలన్నీ మాయమైపోయే ఫిల్టర్ అది. సైజు సరిపోయింది. సరిపోకూడదని ఒక్క క్షణం అనుకున్నాను, ఒట్టు. తర్వాత నేనే బిగించాను.

ఇంకొకటి కూడా చెప్పాను. చెప్పకుండా ఫొటో తీయడం మర్యాద కాదు, ముందు అడిగి తీయాలని.

ఒక్కటీ అబద్ధం కాదు. ఏ క్లబ్బులో అయినా ఇవే చెబుతారు. నాకూ ఇవే చెప్పారు. కానీ ఆమె ఫొటోల ప్రాణం ఆ నీడల్లోనే ఉందని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.

గొబ్నెట్ నన్ను కౌగిలించుకుంది. జాకెట్‌కి డీజిల్ వాసన. ఇంత ఖరీదైన వస్తువు ఎవరిస్తారు పిల్లా అంది.

నవంబర్ 20, మంగళవారం

గొబ్నెట్ కొత్తవి తెచ్చింది. ఈసారి పెద్ద సైజులో వేయించింది, నేను చెప్పినట్టే. అద్దాలు కడిగినట్టున్నాయి. ఒడ్డు గీత తిన్నగా పడుకుంది. లోపల మనుషులు కెమెరా వైపు చూస్తూ నవ్వుతున్నారు. ఒకాయన బొటనవేలు పైకెత్తాడు.

టెరెన్స్ ఆరింటినీ రెండు నిమిషాల్లో చూసేశాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. చక్కగా ఉన్నాయి గొబ్నెట్ అన్నాడు.

చక్కగా ఉన్నాయి. ఆ మాట నాది! పంతొమ్మిదేళ్ళుగా ఆ మాటతో నేనే ఇంటికి పోతున్నాను. ఇవాళ ఇద్దరం పంచుకున్నాం.

తర్వాత ఆయన నా వైపు చూశాడు.  నేను కప్పులు కడగడానికి వెళ్ళాను.

నవంబర్ 21

యాపిల్ కేక్ చేశాను. ఏమిటి విశేషం అన్నాడు డోనల్. ఏమీ లేదన్నాను. రెండు ముక్కలు తిన్నాను.

డిసెంబర్ 8, శనివారం

పాఠానికి వచ్చి గొబ్నెట్ సగం సేపు ఒక ముసలాయన గురించే చెప్పింది. బార్ట్ డగ్గన్. ఎనభై మూడేళ్ళు, బూడిద రంగు వ్యాన్, పక్క సీట్లో కుక్క. ప్రతి గురువారం పాసేజ్‌లో నర్సింగ్ హోమ్‌లో ఉన్న భార్యని చూడటానికి దాటతాడు. ఆవిడ ఇప్పుడు ఆయన్ని గుర్తుపట్టదు. పోయేటప్పుడు ఐదు నిమిషాలూ ఆయన తనలో తాను మాట్లాడుకుంటాడట. మొదట ఎవరితో అనుకున్నా పిల్లా, తర్వాత తెలిసింది, ఆమెకి ఏం చెప్పాలో అనుకుని అనుకుని చూసుకుంటాడు అంది. ఒకసారి నవ్వు కూడా ప్రాక్టీస్ చేశాడట. వచ్చేటప్పుడు ఒక్క మాట ఉండదు. కుక్క కూడా అటు తిరిగి కూర్చుంటుంది.

ఆ రెండూ తీయాలని ఏడాదిగా అనుకుంటోందట. ధైర్యం చాల్లేదు. మొన్నామధ్య నేను చెప్పినట్టు వెళ్ళి అడిగిందట. బార్ట్ పొంగిపోయాడు. పై గురువారం టై కట్టుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. కుక్కకి కూడా రిబ్బన్.

ఫొటో చూపించింది. టై కట్టుకున్న ఒక ముసలాయన నవ్వుతున్నాడు. బాగుందన్నాను. గొబ్నెట్ దాన్ని ఇటూ అటూ తిప్పి, బాగుంది కదా, మరి నాకెందుకు బాగా అనిపించడం లేదు అని అడిగింది.

అలవాటు పడతావు అన్నాను.

డిసెంబర్ 25

డోనల్ పండక్కి చేసిన స్పైస్డ్ బీఫ్ కోస్తుంటే, ఏదైనా పాడమన్నాను. కత్తి పట్టుకుని నిలబడిపోయాడు. ఇప్పుడా? ఇక్కడా? వద్దులే అన్నాను.

జనవరి 19, శనివారం

బార్ట్ డగ్గన్ పోయాడు. బుధవారం పొద్దున. కుక్క అరుస్తుంటే పక్కింటివాళ్ళు వెళ్ళి చూశారట. కూతురు లిమరిక్ నుంచి వచ్చింది. గొబ్నెట్ ఆ టై ఫొటో తీసుకెళ్ళి ఇచ్చింది. కూతురికి ఎంతో నచ్చిందట, నాన్న ఇంత నీట్‌గా ఎప్పుడూ లేడు అని ఏడ్చిందట. స్మారక కార్డు మీద అదే వేస్తారట.

మరి మంచిదే కదా అన్నాను.

మంచిదే అంది గొబ్నెట్. పాఠం వద్దంది ఇవాళ. టీ సగం వదిలేసి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 2, శనివారం

పోలరైజర్ తెచ్చి ఇచ్చేసింది. మెత్తటి గుడ్డలో చుట్టి, పైన రబ్బర్‌బ్యాండ్ వేసి. కెమెరాని మళ్ళీ చర్చి వాళ్ళకే ఇచ్చేస్తుందట.

ఎందుకని అడిగాను. జవాబు నాకు తెలుసు, అయినా అడిగాను. ఆమె చెప్పింది. ఇంతకుముందు తీస్తున్నట్టే ఉండేది కాదట, కళ్ళు ఆర్పినట్టు అయిపోయేదట. ఇప్పుడు ఎవరి ముఖం చూసినా రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు కనిపిస్తున్నాయట. నిన్న చెల్లెలి ముఖం మీద కూడా కనిపించాయట. సిగ్గేస్తోంది పిల్లా, కార్ల అద్దాల్లోకి తొంగిచూసే ముసలిదాన్నని ఇప్పుడు నాకే తెలిసిపోతోంది అంది.

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. నీ తప్పేం లేదు, నువ్వెంత ఓపిగ్గా చెప్పావో నాకు తెలుసు, నీలాగా కావాలంటే పుట్టుకతో ఉండాలి అంది.

నీలాగా!

ఇక ఆ చక్కగా ఉంది అనే మాట మళ్ళీ నా ఒక్కదానిదే. ఏప్రిల్‌లో ఆమె ఉండదు. టెరెన్స్ కళ్ళజోడు ఎవరి కోసమూ తీయడు. నాకు కావలసింది ఇదే కదా. బల్ల తుడిచాను. ఆమె కప్పు కింద టీ మరక ఉండిపోయింది, రెండోసారి తుడిచాను.

ఫిబ్రవరి 7

సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. రోచెస్ పాయింట్ ఫొటో తెరిచి చూశాను. చక్కగా ఉంది. చక్కగా ఉంది. చక్కగా ఉంది.

ఫిబ్రవరి 16, శనివారం

ఫెర్రీ మూడుసార్లు దాటాను.

మొదటిసారి, చినుకులు. గొబ్నెట్ నా కారుని మధ్య వరసలో ఆపించింది. అద్దం దించాను. చెప్పాలని వారం నుంచి కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"నీకు నేర్పినవన్నీ నిన్ను పాడుచేయడానికే నేర్పాను" అన్నాను.

"ఏమిటి?" చైన్ల చప్పుడు. ఆమె వంగింది.

"అద్దం మీది నీడలు లోపం కాదు. అవే బాగుండేవి. నాకు మొదటి రోజే తెలుసు. తెలిసే ఫిల్టర్ ఇచ్చాను."

"ఎందుకూ?"

"కుళ్ళు. నీ మీద కుళ్ళు, గొబ్నెట్. ఇంకేం లేదు."

 ఒడ్డు వచ్చేసింది, ర్యాంప్ దిగింది. ఆమె వెనక్కి తిరిగి కార్లని పొమ్మని చెయ్యి ఊపింది. నన్ను కూడా, అందరితో పాటే.

పాసేజ్‌లో దిగి, కారు తిప్పుకుని మళ్ళీ లైన్లో నిలబడ్డాను. రెండోసారి తనే నా కిటికీ దగ్గరకొచ్చింది. నవ్వుతోంది! కళ్ళల్లో నీళ్ళొచ్చేంత నవ్వు.

"అంటే నేను బాగా తీశానన్నమాట."

"బాగా కాదు. మా అందరికన్నా బాగా."

"మరి ఒక్కరైనా చెప్పరేం! ఆ టెరెన్స్ కళ్ళజోడు తీస్తే, పాపం పెద్దాయన కంట్లో నలక పడిందేమో అనుకున్నా. ఓరి దేవుడా. నువ్వు పంతొమ్మిదేళ్ళ నుంచి తీస్తున్నావు, నన్ను చూసి కుళ్ళుకున్నావా? ఫెర్రీ మీద చేతులూపుకునేదాన్ని చూసి?"

"అవును."

"పో పిల్లా!" అంది. కానీ ఎంత సంతోషంగా అంది! నాకు కూడా తేలికైపోయింది. ఇంతేనా అనుకున్నాను. ఇంత సులువుగా పోతుందా అనుకున్నాను. ఇటువైపు దిగి ఇంటికి వెళ్ళిపోవలసింది. ఎందుకో మళ్ళీ లైన్లోకి వెళ్ళాను.

మూడోసారి నది సగం దాటినా ఆమె రాలేదు. రెయిలింగ్ పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. ఒడ్డు దగ్గర పడ్డాక వచ్చి నా కారు కప్పు మీద చెయ్యి ఆన్చింది. నవ్వు లేదు.

"బార్ట్ డగ్గన్ పెదాలు ఎలా కదిలేవో తెలుసా నీకు?"

తల అడ్డంగా ఊపాను.

"తెలీదు. ఆయన కూతురికీ తెలీదు. భార్యకి తెలిసే అవకాశమే లేదు. ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. నేను పోతే అది కూడా పోతుంది. నవంబర్‌లో ఐదు గురువారాలున్నాయి డెర్వ్లా. ఐదుసార్లూ నా ముందు నుంచే వెళ్ళాడు. నేను కెమెరా కిందకి దించి, మర్యాదగా, ఎప్పుడు వీలవుతుందండీ అని అడిగాను."

మొట్టమొదటిసారి నన్ను పేరుతో పిలిచింది.

"మిగతాదంతా సరే. నాలుగు రోజులు పోతే నేనే మర్చిపోతా. దీనికి మాత్రం నిన్ను క్షమించను. క్షమించానని ఎప్పుడైనా నోరు జారి అన్నా నమ్మకు."

వెనక కారువాడు హారన్ కొట్టాడు. నేను కదలవలసి వచ్చింది.

ఫిబ్రవరి 26, మంగళవారం

ఆమె వస్తుందని అనుకోలేదు. వచ్చింది. నాకు దూరంగా, కిటికీ పక్కన కూర్చుంది. మెడలో కెమెరా ఉంది.

టెరెన్స్ పోటీకి ఎవరేం పంపుతున్నారని అడిగాడు. గొబ్నెట్ లేచి, బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నువ్వే ఎంచు, ఏవి చూస్తే నీకు కడుపు మండిందో అవే పెట్టు అంది, అందరూ వింటుండగానే. జోక్ అనుకుని అందరూ నవ్వారు. టెరెన్స్ నవ్వలేదు.

ఎంచడం ఐదు నిమిషాల పని. నాకన్నీ కంఠతా వచ్చు.

మార్చి 3, ఆదివారం

పోటీకి ఎంచినవాటిలో తొమ్మిదోది డోనల్. అతనికి చూపించి అడిగాను. అయ్యో, పళ్ళన్నీ కనబడుతున్నాయే అన్నాడు. తర్వాత కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. వేరే ఎవరినో చూస్తున్నట్టు చూశాడు.

ఇది నువ్వు తీసి ఉంటే బాగుండేది అన్నాడు.

నేను కూడా అదే అనుకున్నాను, రోజుకి పదిసార్లు అనుకుంటున్నాను అని చెప్పలేదు. సరేనా అన్నాను. సరే అన్నాడు.

ఏప్రిల్ 13, శనివారం

కార్క్‌లో షాండన్ దగ్గర హాలు. ఎనిమిది క్లబ్బులు, మూడు వందల ఫొటోలు. జడ్జి డబ్లిన్ నుంచి వచ్చాడు. సిల్కు రుమాలు, మెత్తటి గొంతు.

గొబ్నెట్ ఫొటోల ముందు ఆగి చెప్పాడు. ఆలోచన ఉంది, మనుషులు ఆసక్తికరంగా ఉన్నారు, కానీ అద్దం మీది ఈ నీడలు కంటికి అడ్డం పడుతున్నాయి. ఒక పోలరైజర్ వాడి ఉంటే సమస్య తీరిపోయేది. కెమెరాని కాస్త కంటి ఎత్తులో పట్టుకుంటే ఇంకా బాగుండేది. నా మాటలే! పేజీ నంబరు ఒక్కటే తక్కువ.

మొదటి బహుమతి నా రోచెస్ పాయింట్‌కి ఇచ్చాడు.

పంతొమ్మిదేళ్ళు. ఈ బహుమతి కప్పు చేతికొస్తే ఏం మాట్లాడాలో కూడా అద్దం ముందు నిలబడి ఎన్నోసార్లు అనుకున్నాను. వెళ్ళి తీసుకున్నాను. చప్పట్లు. టెరెన్స్ కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది గొబ్నెట్. నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల కూడా వేసింది. నేను కిందికి దిగుతుంటే, ఆ జడ్జికి కూడా నువ్వే పాఠం చెప్పావా పిల్లా అని అడిగింది. నాకు నవ్వాగలేదు. ఆమెకీ ఆగలేదు. ఇద్దరం కోట్లు తగిలించే చోట గోడకి ఆనుకుని నవ్వాం. నవ్వడం అయిపోయాక ఆమె కళ్ళు తుడుచుకుని, నన్ను చూసి, ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి వెళ్ళిపోయింది.

తర్వాత నేను హాల్లో ఒక మూల నిలబడి చూశాను. నా ఫొటో దగ్గరికి వచ్చినవాళ్ళు బహుమతి రిబ్బన్ చూస్తారు, పేరు చదువుతారు, వెళ్ళిపోతారు. మూడు సెకన్లు. గొబ్నెట్‌వి చూస్తూ ఒక ముసలావిడ హ్యాండ్‌బ్యాగ్ కింద పెట్టేసింది. ఇద్దరు అమ్మాయిలు డోనల్ ముందు నిలబడి, అతను ఏ పాట పాడుతున్నాడో పందెం వేసుకున్నారు.

డోనల్ వాళ్ళ వెనకే నిలబడి ఉన్నాడు. వాళ్ళు గుర్తుపట్టలేదు.

ఏప్రిల్ 14

ఏ పాట అని అడిగాను. గుర్తులేదు అన్నాడు. గుర్తుంది.

ఏప్రిల్ 30, మంగళవారం

సీజన్‌లో ఆఖరి మీటింగ్. గొబ్నెట్ కొత్తవి పదిహేను తెచ్చింది. మళ్ళీ మందుల షాపు ప్రింట్లే. మబ్బులు, క్రేన్లు, ముఖాలు. ఒకదాంట్లో వాన ఎంతగా ఉందంటే మనిషి ఒక చెవి మాత్రమే. టెరెన్స్ కళ్ళజోడు తీసి జేబులోనే పెట్టేసుకున్నాడు, ఇక దాంతో పనిలేదన్నట్టు ఫొటోలని ముక్కుకి ఆనించుకుని చూశాడు.

నాకు ఎక్కడ మండాలో అక్కడ మండింది. ఒప్పుకున్నంత మాత్రాన పోయేది కాదు ఇది.

ఆమె నాకు టీ పోసిచ్చింది. చక్కెర వేయలేదు. నేను చక్కెర వేసుకుంటానని ఆమెకి తెలుసు.

మే 9, గురువారం

ఫెర్రీ దాటాను. పాసేజ్‌లో పనేమీ లేదు.

వాన. వైపర్లు ఆపేసి, రేడియో ఆపేసి, ముందుకి చూస్తూ కూర్చున్నాను. ఏ ముఖం పెట్టుకోవాలో తెలియక ఏ ముఖమూ పెట్టుకోలేదు. పసుపు జాకెట్ నా అద్దం ముందుకొచ్చింది. చెయ్యి కెమెరా మీదికి పోలేదు. దాటి వెళ్ళిపోయింది.

వెనక ఎర్ర కారు దగ్గర ఆ చెయ్యి కెమెరా మీదికి పోయింది. లోపల ఒకావిడ అరటిపండు తింటోంది.